అయిదు రూపాయల పళ్లెం, ఇంజిన్ల ఊరు: ఒక భోజనశాల సమీక్ష

ఈ సమీక్ష ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి ఆవరణలో నడుస్తున్న అయిదు రూపాయల భోజనశాల గురించి. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఆ మాట చివరికి గరిటె పట్టుకున్న ఆడవాళ్ల మీదికే పోతుంది, వారి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. మా ఇంట్లో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న ఆమె భర్తకు ఆపరేషన్ జరిగినప్పుడు తోడుగా తొమ్మిది రోజులు ఆ ఆసుపత్రికి తిరిగాను, ఆరు పూటలు అక్కడే తిన్నాను. నేను ఇదే జిల్లాలోని సునాబెడా విమాన ఇంజిన్ల కర్మాగారంలో తనిఖీ విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైనవాణ్ణి. సాలూరు ఘాట్ ఎక్కి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఈ సంగతి గొప్పకు చెప్పడం లేదు, పళ్లేన్ని నేను చూసిన చూపు ఎక్కడిదో పాఠకులకు తెలియాలని చెబుతున్నాను.

ముందు భోజనం సంగతి. స్టీలు పళ్లెంలో ఉప్పుడు బియ్యపు అన్నం, పక్క గుంటలో డాల్మా, ఒక పచ్చిమిరపకాయ, అడిగితే ఒక ఉల్లిపాయ చెక్క. డాల్మా అంటే కందిపప్పును పచ్చి బొప్పాయి, గుమ్మడి, అరటికాయ, వంకాయ, బంగాళదుంప ముక్కలతో కలిపి ఉడికించి, పంచఫుటన్ అనే అయిదు దినుసుల తాలింపు పెట్టి, దించబోయే ముందు వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లే ఒడియా వంట. మన ముక్కల పులుసుకూ ముద్దపప్పుకూ నడుమ ఎక్కడో ఉంటుంది గాని పులుపు ఉండదు. విజయనగరం నుంచి వచ్చే మా బంధువులు ఉప్పుడు బియ్యం గొంతు దిగదని పళ్లెం పక్కకు జరుపుతారు. కానీ పెద్ద గుండిగల్లో వండి రెండు మూడు గంటలు వడ్డించాల్సిన చోట ఆ బియ్యమే సరైనది, ఎందుకంటే మెతుకు మెతుకుగా నిలుస్తుంది, ముద్ద కట్టదు. మొదటి రోజు నేను పన్నెండు గంటలకే వరుసలో నిలబడ్డాను. డాల్మా వేడిగా ఉంది, జీలకర్ర పొడి ఆ పూటే దంచినట్టు వాసన వేసింది, గుమ్మడి ముక్క చితికిపోకుండా ఉడికింది. ఆ రోజు భోజనానికి నేను ఏ వంకా పెట్టను. ఇంతకంటే హీనమైన భోజనానికి రోడ్డు మీద హోటళ్లలో తొంభై రూపాయలిచ్చిన రోజులున్నాయి.

మంచినీళ్ల ఏర్పాటు బాగోలేదు. మూతలేని డ్రమ్ములో ఒకటే ప్లాస్టిక్ మగ్గు, అందరూ దాన్నే ముంచుతారు. అది రోగుల బంధువులు తినే చోటు అన్న ధ్యాస ఎవరికైనా ఉంటే ఒక కుళాయి బిగించేవారు. చేతులు కడిగే తొట్టె మాత్రం శుభ్రంగానే ఉంది.

అసలు చిక్కు మూడో రోజున కనిపించింది. రక్తపరీక్ష కాగితాల కోసం తిరిగి తిరిగి ఒంటిగంటా ఇరవైకి చేరాను. టోకెన్ ఇచ్చారు, అన్నం పెట్టారు. వడ్డిస్తున్న ఆమె నా మాట యాస పట్టుకుని తెలుగులోకి మారింది: "పప్పు అయిపోనాది బాబూ, నీళ్లే మిగిలినాయి. కూసింత ఉప్పేసుకొని తినీ." గుండిగ వంచి చూపించింది. అడుగున పసుపు రంగు నీరు, అందులో ఒక బొప్పాయి తొక్క. నా వెనక పొట్టంగి వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ, చంకలో మనవరాలు. ఆ పాపను ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చారట. పాపకు పాలు, జావ లెక్కప్రకారం గిన్నెలో కొలిచి లోపల ఇస్తున్నారు. పాపను చూసుకోవడానికి వచ్చిన అవ్వకు మాత్రం బయట పసుపునీళ్లు. ఆవిడ ఏమీ అనలేదు, ఆ అన్నంలోనే ఉప్పు కలుపుకుని తిన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, దేశం మొత్తం మీద ఆ లెక్క 35.5 శాతం. పిల్లకు పెట్టి పెద్దకు పెట్టకపోతే ఆ అంకె ఎలా తగ్గుతుందో నాకు అర్థం కాదు, వండే పెద్దా ఎత్తుకునే పెద్దా ఆవిడే కదా.

తనిఖీదారుకు అనుమానం వచ్చాక ఊరుకోలేడు. నాలుగో రోజు మా ఆవిడ టిఫిన్ క్యారియర్ తీసుకెళ్లి, ఒక టోకెన్ భోజనం అందులో పెట్టించుకుని ఇంటికి తెచ్చి, వంటింటి తూకం మీద పెట్టాను. అన్నం 410 గ్రాములు. ఇది నిండైన కొలత, ఎవరూ తప్పు పట్టలేరు. డాల్మా 140 గ్రాములు. దాన్ని టీ వడపోతలో పోసి నీరు కారనిస్తే మిగిలిన పప్పూ ముక్కలూ కలిపి 50 గ్రాములకు లోపే. ఉడికిన పప్పు నీరు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి పచ్చిపప్పుగా లెక్క వేస్తే పది పన్నెండు గ్రాములు మించదని మా ఆవిడ తేల్చింది, ఆ విషయంలో ఆమె మాటే ప్రమాణం. పోల్చడానికి ఒక కొలబద్ద చెబుతాను: బడుల్లో మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం ఒకటో తరగతి పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరో తరగతి నుంచి పప్పు 30 గ్రాములు. అంటే నేను తెచ్చిన పళ్లెంలో ఒక పెద్దమనిషికి అన్నం దండిగా ఉంది గాని, పప్పు ఒకటో తరగతి పిల్లవాడి వాటాకైనా చేరలేదు.

ఎందుకు చేరలేదని అడిగితే వడ్డించే ఆమె దాచకుండా చెప్పింది. వారిది మహిళా సంఘం. రోజుకు మూడు వందల టోకెన్ల లెక్కన సామాను వస్తుంది; ఆసుపత్రిలో రద్దీ ఉన్న రోజు నాలుగు వందల మంది వస్తారు. పప్పు ధర పెరిగినా వారికిచ్చే రేటు పెరగదు. పైగా రెండు నెలల బిల్లు ఇంకా రాలేదు, కిరాణా కొట్టు షావుకారు అరువు ఆపేస్తానంటున్నాడు. అందుకని చివరి వంద మందికి డాల్మాలో నీళ్లు పోయడం తప్ప వారికి దారి లేదు. నీళ్లు పోసింది వారే, సందేహం లేదు. కానీ మా కర్మాగారం షాపులో ఒక టర్బైన్ బ్లేడు, అంటే ఇంజిన్ లోపల తిరిగే రెక్క, పగిలితే మెషీను మీద నిలబడ్డవాడినే ముందు అడిగే అలవాటు మాకు లేదు, ముడి లోహం వచ్చిన కాగితం నుంచి వెనక్కి చదువుకుంటూ పోతాం.

ఇక్కడ సునాబెడా మాట రాకుండా ఉండదు. మా కర్మాగారం 1964లో మిగ్-21 విమానాల ఇంజిన్ల కోసం సోవియట్ సహకారంతో ఏర్పడింది. 2024 సెప్టెంబరులో రక్షణ మంత్రిత్వ శాఖ సుఖోయ్-30 ఎమ్‌కేఐ విమానాలకు 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్లు కావాలని హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌తో 26,000 కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం చేసుకుంది. అవి ఆ సంస్థ కోరాపుట్ విభాగంలోనే, అంటే మా కర్మాగారంలోనే తయారవుతాయి, సంవత్సరానికి 30 చొప్పున ఎనిమిదేళ్లు. అంటే ఒక్కో ఇంజిన్ దాదాపు 108 కోట్లు. భోజనశాల పళ్లెం ఖర్చు నా లెక్కలో, బియ్యం, పప్పు, గ్యాసు, కూలి అన్నీ కలిపి, ముప్పై రూపాయలు. తినేవాడిచ్చే అయిదు పోగా ఇరవై అయిదు ఎవరో ఒకరు భరించాలి. ఆ లెక్కన ఒక ఇంజిన్ డబ్బుతో 4 కోట్ల 32 లక్షల పళ్లేలకు రాయితీ ఇవ్వవచ్చు. రోజుకు మూడు వందల పళ్లేల భోజనశాలను దాదాపు నాలుగు వందల ఏళ్లు నడపవచ్చు.

ఈ లెక్క వేసి మా పాత స్నేహితులకు చూపిస్తే ఒకరు నవ్వి, "ఈ లెక్కతో నువ్వు మన పింఛన్లకే ఎసరు పెడుతున్నావురా" అన్నారు. ఆయన అన్నది నిజమే, ఈ లెక్క చౌకబారు లెక్క. రక్షణ కేంద్ర జాబితాలోది, ఆసుపత్రులూ ప్రజారోగ్యమూ రాష్ట్ర జాబితాలోవి. ఢిల్లీలో ఒక ఇంజిన్ తగ్గినంత మాత్రాన ఆ డబ్బు ఈ ఘాట్ ఎక్కి గుండిగలో పడదు. పైగా రక్షణ బడ్జెట్ అంటే అంతా ఫిరంగులే అనుకునేవారు అంకెలు విడదీసి చూడాలి. 2025-26లో రక్షణకు కేటాయించింది 6.81 లక్షల కోట్లు, కేంద్ర బడ్జెట్‌లో 13.45 శాతం. అందులో కొత్త ఆయుధాలూ సామగ్రీ వంటి మూలధన వ్యయం 1.8 లక్షల కోట్లు, పింఛన్లకే 1.6 లక్షల కోట్లకు పైన. సిక్కోలు, విజయనగరం పల్లెల్లో ఆ పింఛను మీద పిల్లల చదువులు గడిచిన ఇళ్లు నాకు బాగా తెలుసు. సరిహద్దులో కాపలా ఎత్తేసి ఆ డబ్బుతో బియ్యం వండుకుందామని చెప్పేంత అమాయకత్వం 1962 చైనా యుద్ధం తర్వాత పెరిగిన నా తరానికి లేదు. అదే సంవత్సరం కేంద్ర ఆరోగ్య శాఖకు వచ్చింది దాదాపు లక్ష కోట్లు, బడి భోజనానికి కేంద్రం వాటా 12,500 కోట్లు అన్న సంగతి మాత్రం పక్కన పెట్టుకుని చదవాలి. దాదాపు పదకొండు కోట్ల పిల్లల భోజనం అది.

నా అభ్యంతరం మొత్తం మీద కాదు, హామీ మీద. ఇంజిన్‌కు ఎనిమిదేళ్ల మాట ఉంది. ఏ నెలలో ఎన్ని ఇవ్వాలో, ఏ భాగం ఎక్కడి నుంచి రావాలో ముందే రాసి ఉంటుంది. ఒక టర్బైన్ బ్లేడు మా చేతికి వచ్చేసరికి దాని వెంట రూట్ కార్డు వస్తుంది. ప్రతి మెట్టు దగ్గర ఒక మనిషి చూసి ముద్ర వేస్తేనే తర్వాతి మెట్టుకు పోతుంది. బ్లేడుకు మెరిసే ద్రవం పూసి, తుడిచి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడితే వెంట్రుక కంటే సన్నని పగులు కూడా ఆకుపచ్చ గీతగా బయటపడుతుంది. అలాంటి గీత ఒక్కటి కనిపిస్తే బ్లేడుకు ఎర్ర ట్యాగు కట్టి పక్కన పెట్టేవాణ్ణి, ఎవరి సిఫారసూ పనిచేసేది కాదు. ఆ పళ్లేనికి రూట్ కార్డు లేదు. పప్పు ఎన్ని గ్రాములు పడాలో గోడ మీద రాసి లేదు. చివరి వంద మందికి ఏమి పడిందో చూసి ముద్ర వేసేవాడు లేడు. వచ్చే ఏడాది ఆ షెడ్డు ఉంటుందో లేదో వండే ఆడవాళ్లకే తెలియదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రక్షణ, అంతర్గత భద్రతల ఆధునికీకరణ కోసం 2.38 లక్షల కోట్లతో, సంవత్సరం చివర మురిగిపోని నిధి ఒకటి ఏర్పరచాలని సిఫారసు చేసింది. మురిగిపోని నిధి అనే ఆలోచన ఆయుధాలకు అంత సహజంగా తట్టింది. మార్చి 31 దాటితే బిల్లు మురిగిపోతుందేమోనని భయపడే మహిళా సంఘానికి తట్టడానికి ఏం అడ్డం వచ్చిందో.

భోజనశాలల చరిత్ర చూసినా ఇదే కథ. తమిళనాడులో 2013లో అమ్మ ఉణవగాలు, అంటే అమ్మ క్యాంటీన్లు, మొదలయ్యాయి, హైదరాబాదులో 2014లో అయిదు రూపాయల భోజనం వచ్చింది, ఒడిశాలో 2015 ఏప్రిల్ 1న ఉత్కళ దివస్ నాడు మన బరంపురంతో సహా అయిదు నగరాల్లో మొదలై తర్వాత జిల్లాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018 జూలైలో తెరిచారు, ప్రభుత్వం మారాక 2019లో మూశారు, మళ్లీ మారాక 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి తెరిచారు. ఎవరు తెరిచారు, ఎవరు మూశారు అన్న తగవులోకి నేను పోను. ఆ అయిదేళ్లూ మధ్యాహ్నం అక్కడ తినే రిక్షావాళ్లు ఎక్కడ తిన్నారన్నదే నా ప్రశ్న. ప్రభుత్వం మారిందని ఇంజిన్ల ఒప్పందాన్ని అయిదేళ్లు అటకెక్కించిన ఉదాహరణ నా ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో మా ఊళ్లో చూడలేదు. మరోవైపు బడి భోజనం ఇన్ని ప్రభుత్వాలు మారినా నిలిచింది, ఎందుకంటే 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది, 2013 ఆహార భద్రత చట్టం దాన్ని హక్కుగా రాసింది. దానికి గ్రాముల లెక్క ఉంది, ఒక్కో పిల్లవాడికి సామాను ఖర్చు లెక్క ఉంది. ఆ ఖర్చును 2025 మే నుంచి ప్రాథమిక తరగతులకు 6 రూపాయల 19 పైసల నుంచి 6 రూపాయల 78 పైసలకు పెంచారు. పెంపు 59 పైసలే, నవ్వు వస్తుంది, కానీ ధర పెరిగితే రేటు పెంచాలన్న మాట కాగితం మీద ఉంది. ఆసుపత్రి బయట తినే అవ్వకు ఆ 59 పైసల కాగితం కూడా లేదు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. మా టౌన్‌షిప్ గోడ లోపల రక్షణ ఖర్చే సామాజిక అవసరాలన్నీ తీర్చింది: మా పిల్లల బడి, మా ఆసుపత్రి, వీధి దీపాలు, కుళాయి నీళ్లు అన్నీ ఆ ఇంజిన్ల పుణ్యమే. రిటైరయ్యాక కూడా నాకు వైద్య సౌకర్యం ఉంది; పదిహేడేళ్లుగా మా ఇంటి గిన్నెలు తోమిన ఆమెకు లేదు, అందుకే మేము ఆ వరుసలో నిలబడ్డాం. ఈ గోడ కట్టిన నేల ఖాళీ నేల కాదు. చికాపర్ ఊరివాళ్లు 1968లో ఈ కర్మాగారం కోసమే మొదటిసారి ఊరు వదిలారు, తర్వాత ఇంకో ప్రాజెక్టు కోసం మళ్లీ వదిలారు. గదబ, పరజ ఆదివాసులు ఇచ్చిన నేల మీద నా జీతం నడిచింది. కాబట్టి ఈ జిల్లాలో "రక్షణ ఖర్చా, సంక్షేమమా" అన్న తూకం వేసేటప్పుడు రాయి ఏ పళ్లెంలో ఉందో మరచిపోకూడదు. రక్షణకు వీరు ముందే చెల్లించారు, డాల్మాలో పప్పు అడగడం అరువు అడగడం కాదు. ఇంకా పైన కొటియా పంచాయతీలో ఒడిశా, ఆంధ్ర రెండు ప్రభుత్వాలూ పోటీపడి పథకాలు తెస్తాయని మా బస్సుల్లో జోకులు వేసుకుంటారు, హద్దు తగాదా ఉన్న చోటే సంక్షేమం పరుగున వస్తుందని.

వంట విషయంలో ఒక్క సూచన. ఈ కొండల్లో ప్రతి ఇంట్లో మండియా జావ కాస్తారు. మనం అంబలి అంటాం. 2017 నుంచి చిరుధాన్యాల మీద ఒడిశా ప్రభుత్వం పెద్ద పథకమే నడుపుతోంది, రాగులు ఇక్కడి రైతుల దగ్గర కొంటోంది. ఒక గ్లాసు జావ ఆ పళ్లెం పక్కన పెడితే ఖర్చు రెండు మూడు రూపాయలు దాటదు, ఒంటిగంట తర్వాత వచ్చినవారికి కడుపులో ఏదో ఒకటి గట్టిది పడుతుంది. వడ్డించే ఆమెకు ఈ మాట చెబితే, "మేం కాస్తాం బాబూ, రాగులు రాయించీ" అంది.

ఆరో పూట చివర గోడకు దారంతో వేలాడుతున్న ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకున్నాను. పెన్సిలు ముక్క దానికే కట్టి ఉంది. పాత అలవాటు కొద్దీ తేదీ, సమయం, అన్నం తూకం, డాల్మా తూకం, వడకట్టాక మిగిలింది, ప్రమాణం, తేడా అని గడులు గీసి నింపాను. వ్యాఖ్య గడిలో "తిరస్కరణ కాదు, ముడి సరుకు సరిచేసి మళ్లీ తనిఖీ" అని రాశాను. ఆమె వంగి చూసి, చదవడం రాదు గాని గడులు బాగున్నాయంది.

వెళ్లదలచినవారికి: టోకెన్లు పదకొండున్నర నుంచి ఇస్తారు, పన్నెండున్నర లోపు చేరితే డాల్మా చిక్కగా ఉంటుంది. సొంత నీళ్ల సీసా పట్టుకెళ్లండి. రుచికి అయిదుకు నాలుగు, శుభ్రతకు మూడు, వడ్డించే చేతికి అయిదు, పప్పుకు ఒకటి. చిల్లర లేక పది రూపాయల నోటిస్తే రెండు టోకెన్లు చేతిలో పెడతారు. రెండోది వెనకనున్నవారికి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనరు.